పాత ఫొటోల్లో సైనిక పతకాల గుర్తింపు

నంద్యాల, ఆళ్లగడ్డ 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోవి. అందుకే ఇక్కడి ఇళ్లలో సైనికుడి పాత ఫొటో దొరికితే ముందు మద్రాసు దళాల చిహ్నాలతో పోల్చి చూడాలి. సైనికుడు తన పతకాలను ఎడమ రొమ్ముపైనే పెట్టుకుంటాడు. కుడివైపు కనిపిస్తే ఫొటో తిరగబడి అచ్చయిందేమో చొక్కా గుండీలు చెబుతాయి. ఆరు కోణాల కంచు నక్షత్రం రెండో ప్రపంచ యుద్ధానిది. ఏ రంగంలో పోరాడాడో తేల్చేది రిబ్బను చారలే, కానీ వాటితో చిక్కుంది: పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముపై ఎరుపు నల్లగా, నీలం పాలిపోయి పడేది. బర్మా స్టార్ రిబ్బను నడుమ ఎర్రచార అందులో నల్లచారే. భుజంపై కిరీటం ఉంటే ఫొటో సాధారణంగా 1950 జనవరి 26కు ముందుది. తర్వాత ఆ చోటికి అశోకుడి సింహాలొచ్చాయి. ఆళ్లగడ్డ శిల్పికి విగ్రహం కోసం ఫొటో ఇచ్చేవారు ఈ మాత్రం చూసుకోవాలి, రాతిలో తప్పు దిద్దడం కష్టం. అసలు పతకమే ట్రంకుపెట్టెలో దొరికితే అదృష్టం: మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకం అంచున నంబరు, హోదా, పేరు, దళం ఉంటాయి.