తెలుగు దూరదర్శనము: బడి నుండి యింటికి

క్రొత్త సాధన మేదైనను మొదట పట్టణమునకు వచ్చి, పిమ్మట పల్లెకు జేరుట మన దేశమున వాడుక. విద్యుద్దీప మట్లే వచ్చినది. కళాశాల యట్లే వచ్చినది. తెలుగునాట టెలివిజను చరిత్ర మాత్ర మిందులకు భిన్నము. ఢిల్లీలో 1959వ సంవత్సరముననే ప్రసారము లారంభమైనను, హైదరాబాదు కేంద్రము వెలసినది 1977లో. అంతకు రెండేండ్లు ముందే కొన్ని తెలుగు పల్లెలలో బడిపిల్లలు టెలివిజను ముందు గూర్చుండి పాఠములు నేర్చిరి.

ఇందులకు మూలపురుషుడు విక్రమ్ సారాభాయి. ఆయన కృషివలన 1969లో మన యణుశక్తి శాఖకును, అమెరికా దేశపు అంతరిక్ష సంస్థయగు నాసాకును ఒడంబడిక కుదిరెను. దాని ఫలమును గన్నులార జూడకయే 1971లో ఆయన పరమపదించెను. 1975 ఆగస్టు 1వ తేది మొదలు 1976 జూలై 31వ తేది వరకు, ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము మూలమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ యారింటిలో ఆంధ్రప్రదేశ మొకటి.

ఊరి కొక పెట్టె. సన్నని తీగెల వలతో గట్టిన పదియడుగుల పళ్ళెము దానికి తోడు. ఉదయమున బడిపిల్లలకు పాఠములు. సాయంకాలమున పెద్దలకు సేద్యము, ఆరోగ్యము, మితసంతానము మొదలగు విషయములు. పెట్టె యే యొక్కరి సొత్తును గాక ఊరి సొత్తై యుండెను. అంతమాత్రమున అన్ని కులములవారును, స్త్రీపురుషులును సమముగ గూర్చుండిరని భ్రమపడరాదు. ఐనను, చూచుటకు సొంత పెట్టె యుండవలె నను నిర్బంధము లేకుండెను.

ఏడాది నిండగానే ఆ యుపగ్రహమును అమెరికావారు మరలించుకొనిరి. హైదరాబాదు కేంద్రపు ప్రసారము గోపురము నుండి వెడలునది గావున, దాని పరిధిలోని యూళ్లకు మాత్రమే యందెను. 1983లో మన యిన్సాట్-1బి ఉపగ్రహము వచ్చిన పిమ్మట, దేశమంతట చిన్న ప్రసార కేంద్రములు నెలకొనగా ఆ కొరత క్రమముగ దీరినది. 1995 మొదలు తెలుగున ప్రైవేటు చానళ్లు బయలుదేరినవి. 2014లో రాష్ట్రము విడివడగా, సప్తగిరి చానలు విజయవాడ నుండి ఆంధ్రప్రదేశమునకును, యాదగిరి హైదరాబాదు నుండి తెలంగాణమునకును ఏర్పడినవి.

2020లో కోవిడు మూలమున బడులు మూతపడినప్పుడు, ఈ రెండు చానళ్లును బిడ్డలకు పాఠములు జెప్పినవి. ప్రజల సొమ్ముతో నడచు సంస్థ ప్రజల యక్కరకు వచ్చిన సందర్భ మది, మెచ్చదగినదే. కాని 1975లో పాఠము బడికి వచ్చినది. 2020లో ఇంటికి వచ్చినది. పెట్టె లేని యింటి బిడ్డ గతి యేమి? పెట్టె యున్న యింటనైనను, పాఠము వేళకు నీళ్లకో వంటకో పంపబడు నాడుపిల్లకు ఆ పాఠ మందినట్లేనా?

చదువరులారా! ప్రసార మెంత దూరము పోవుచున్న దను లెక్క యొక్కటియే మనకు చాలదు. అది యెవరి చెంతకు జేరక యాగిపోవుచున్నదో కూడ విచారింపవలెను. గ్రామ గ్రంథాలయమునందో, పంచాయతి భవనమునందో అందరును గలసి కూర్చుండదగిన తావొకటి యుండుట నేటికిని అవసరమే. అది యేర్పడువరకు, పెట్టె గల గృహిణి పాఠము వేళకు పొరుగుబిడ్డకు తలుపు తెరచి, తన కూతును పనినుండి విడిచిన యెడల, ఆ పాఠము మరి యిద్దరి కందును.