మన జీపే వాళ్ల సైడ్ బై సైడ్

మొన్న మీటింగ్ అయ్యాక టీ తాగుతుంటే మన కుర్రాళ్లలో ఒకడు ఫోన్‌లో ఒక బండి చూపించాడు. తలుపులు లేవు, పైన ఇనుప గొట్టాల పందిరి, లావుపాటి టైర్లు, పక్కపక్కనే రెండు సీట్లు. "దీన్ని సైడ్ బై సైడ్ అంటారు బాబాయ్. కొని దారింగిబాడి కొండల్లో తిప్పుతాను, మహేంద్రగిరి ఎక్కిస్తాను, ఋషికుల్య ఇసకలో పరుగెత్తిస్తాను" అన్నాడు. అప్పుడు సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కొండదారుల సంగతి. ఘుమ్సూరు రాజ కుటుంబాన్ని తరుముతూ కంపెనీ సైన్యం కోదుల కొండల్లోకి వెళ్లింది. 1836 ఫిబ్రవరిలో ఉదయగిరి ఘాట్ దిగుతుండగా కోదులు మీదపడ్డారు. ఇద్దరు తెల్ల అధికారులు, వెంట ఉన్న సిపాయిలు చనిపోయారు. ఎంత సైన్యం ఉన్నా ఇరుకు ఘాట్‌లో అక్కరకు రాలేదు. కోదుల వైపు నిలబడ్డ దొర బిసోయి 1837లో పట్టుబడ్డాడు. మద్రాసు నుంచి వచ్చిన రస్సెల్ దొర పేరిట రస్సెల్‌కొండ వెలిసింది. ఇంగ్లీషు పేరు పక్కన మన తెలుగు 'కొండ'! ఇప్పుడది కవి ఉపేంద్ర భంజ పేరిట భంజనగర్. 1839 చట్టంతో కొండలు ఏజెన్సీ అయ్యాయి. తర్వాత ఘాట్ రోడ్లు పడ్డాయి. అవి షికారు కోసం వేసినవి కావు. పోలీసు, పన్ను, వ్యాపారం పైకి ఎక్కడానికి వేసినవి. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒడిశాలో కలిసేదాకా ఇదంతా మద్రాసు వారి పాలన.

ఆ దారులకు తగిన బండి యుద్ధంలో పుట్టింది. 1940లో అమెరికా సైన్యం కోసం బాంటమ్ కంపెనీ మొదటి నమూనా చేసింది. 1941 నుంచి విల్లీస్, ఫోర్డ్ లక్షల్లో తయారుచేశాయి. అదే జీపు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది, అందుకే బురదలో ఒక చక్రం జారినా మిగతావి లాగుతాయి. 1947 నుంచి మహీంద్రా వారు మన దేశంలో విల్లీస్ జీపులు బిగించారు. ఏజెన్సీకి డాక్టరు వెళ్లినా, ఓట్ల పెట్టె వెళ్లినా జీపులోనే. మా తరానికి జీపు అంటే ప్రభుత్వం.

అమెరికాలో కథ వేరే దారి పట్టింది. పొలం పనికి 1988లో కవాసాకి మ్యూల్ వచ్చింది. 2003లో యమహా రైనో, 2007లో పొలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ వచ్చాక అది సరదా బండి అయింది. తమాషా ఏమిటంటే 2018లో మహీంద్రా వారు మన పాత జీపునే రాక్సర్ పేరుతో అక్కడ సైడ్ బై సైడ్‌గా అమ్మారు. రూపం తమ జీపుదేనని ఫియట్ క్రైస్లర్ కేసు వేసి 2020లో గెలిచింది. రాక్సర్ ముఖం మార్చుకోవాల్సి వచ్చింది.

ఇక మనవాడి బండి. పొలారిస్ 2011లో మన దేశానికి వచ్చింది. కానీ ఇలాంటి బండికి మామూలు కారులా రోడ్డు రిజిస్ట్రేషన్ రాదు. లారీ మీదో ట్రైలర్ మీదో ఎక్కించుకుని, సొంత నేలకో అనుమతి ఉన్న ట్రాక్‌కో తీసుకెళ్లాలి. బల్ల ఎత్తు, వెడల్పు తక్కువ, అందుకే పల్లంలో అడ్డంగా వెళ్తే దొర్లుతుంది. కొండ నిటారుగా ఎక్కాలి, నిటారుగా దిగాలి. దిగేటప్పుడు లో గేరు వెయ్యాలి. గెడ్డ దాటే ముందు మనిషి దిగి లోతు చూడాలి. బెల్టు పెట్టుకుంటేనే ఆ ఇనుప పందిరి కాపాడుతుంది. బండి ఒరుగుతుంటే చెయ్యో కాలో బయట పెట్టి ఆపుదామనుకుంటే అదే నలిగిపోతుంది.

వాడు చెప్పిన మూడు చోట్ల సంగతి కూడా చెప్పాలి. దారింగిబాడి వైపు కాలిబాటలు కోదుల పొలాలకు వెళ్లే దారులు. అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి కావాలి. మహేంద్రగిరి 1501 మీటర్ల కొండ, శివరాత్రికి జనం ఎక్కే కొండ. 2022లో దాన్ని జీవావరణ మండలంగా ప్రకటించారు. ఇక ఋషికుల్య ముఖద్వారం. ఫిబ్రవరి, మార్చిల్లో గోఖర్‌కుద, పొదంపేట దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు ఇసకలో మూరెడు లోతున ఉంటాయి. నెలన్నర దాటాక పిల్లలు బయటికొచ్చి సముద్రం వైపు పాకుతాయి. టైరు గాడిలో పడితే వేలెడు పిల్ల పైకి ఎక్కలేదు. అక్కడే ఎండకు చస్తుంది, లేదా కాకి నోట పడుతుంది. 1972 వన్యప్రాణి చట్టంలో దానికి మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. ఆ ఇసకలోకి ఏ బండీ వెళ్లకూడదు.

బాబూ, బండి కొనుక్కోవడం తప్పని నేను అనను. కొనే ముందు ఒక ఆదివారం నాతో జీపులో కళింగ ఘాట్ రా. రోడ్డు మీదే వెళ్దాం. పైన ఉదయగిరిలో ఆగి టీ తాగుతూ ఆ రోడ్డు ఎవరి మీదుగా పడిందో మాట్లాడుకుందాం. పాత రోజుల్లో ఏజెన్సీలో ఉద్యోగం చేసిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. వచ్చే మీటింగ్‌లో వాళ్ల జీపు కబుర్లు చెప్పాలని నా మనవి.