దస్తావేజు మీదికి వేలిముద్ర ఎలా వచ్చింది?

కాగితం అడుగున బొటనవేలి ముద్ర కనబడితే చదువురానివారి సంతకం అనుకుంటాం. దాన్ని మొదలుపెట్టిన దొర ఉద్దేశం మాత్రం వేరు. రాయడం వచ్చినవాడే రేపు ‘ఆ సంతకం నాది కాదు’ అని అడ్డం తిరగకుండా చూడటం ఆయనకు కావలసింది.

1858 జులైలో బెంగాల్‌లోని జంగీపూర్‌లో రోడ్లకు కంకర తోలడానికి రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు ఒప్పందం కుదుర్చుకున్నాడు. కాగితం తన చేత్తోనే రాసిచ్చాడు. అయినా అక్కడి అధికారి విలియం హెర్షెల్‌కు నమ్మకం కుదరలేదు. ఆఫీసు ముద్రకు వాడే నూనె సిరాను కొనాయ్ కుడి అరచేతికి పూయించి, ఒప్పందం వెనక అద్దించాడు. అప్పటికి అందులో శాస్త్రమేమీ లేదు. మాట తప్పాలనే ఆలోచన రాకుండా భయపెట్టడమే పని.

ఆ తర్వాత తన వేళ్లవీ, పరిచయస్తులవీ ముద్రలు ఏళ్ల తరబడి సేకరించి, వయసు పెరిగినా గీతలు మారవని హెర్షెల్ గ్రహించాడు. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు దస్తావేజుల రిజిస్ట్రేషన్‌లో, పెన్షన్ల చెల్లింపులో, జైల్లో వేలిముద్రలు ప్రవేశపెట్టాడు. చనిపోయినవారి పెన్షన్ మరొకరు కాజేయకుండా, ఒకరి శిక్ష ఇంకొకరు అనుభవించకుండా అదే కాపలా. అన్నిచోట్లా అమలుచేద్దామని పైవారికి రాస్తే ఎవరూ పట్టించుకోలేదు. కలకత్తాలో వేలిముద్రల బ్యూరో 1897లో గానీ రాలేదు. ముద్రలను వర్గీకరించే పద్ధతికి పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచినా, దాని వెనక కష్టం అజీజుల్ హక్, హేమచంద్ర బోసులది.

ముద్ర ఒక్కటే చాలదని చట్టానికీ తెలుసు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, ఎదుట నిలబడ్డ మనిషి తాను చెప్పుకుంటున్న మనిషేనని సబ్‌రిజిస్ట్రారు తృప్తిపడాలి. ఇంకొకరి పేరుతో వచ్చి రాసిస్తే ఏడేళ్ల దాకా జైలు. 2001 సవరణతో పాస్‌పోర్టు సైజు ఫొటో, వేలిముద్రలు తప్పనిసరయ్యాయి. చదువుకున్నవారైనా సిరా అంటించుకోవాల్సిందే.

నోటరీ చేసేదీ ఇదే పని. మనిషిని ఎదుట నిలబెట్టి, గుర్తింపు చూసి, సంతకం పెట్టించుకుని, తన రిజిస్టరులో ఎక్కించాలి. నోటరీ ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీని, తప్పని రుజువయ్యేదాకా కోర్టు సరైనదిగానే భావిస్తుంది. మనిషి రాకుండానే ముద్ర గుద్దేస్తే ఆ నమ్మకానికి విలువేముంది? కాలిఫోర్నియాలో ఇల్లు అమ్మే తెలుగువారైనా సరే, నోటరీ జర్నల్‌లో కుడి బొటనవేలి ముద్ర వేయాలి.

కాపలాకు పెట్టిన ముద్రే దొంగ చేతికి చిక్కిన సందర్భమూ ఉంది. 2018లో తెలంగాణలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి, ఆన్‌లైన్‌లో ఉన్న రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకుని, రబ్బరు అచ్చులు చేయించి, ఎవరెవరి పేర్లతోనో సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. సంతకం పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. అందుకే దస్తావేజు కాపీని అడిగినవారికల్లా ఇవ్వకండి. చదివి వినిపించని కాగితం మీద వేలు పెట్టకండి. అవసరం లేనప్పుడు ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసి ఉంచండి.