పులిపిరినుండి రాచపుండు వఱకు



రాచపుండను మాట వినగానే పూర్వజన్మ పాపమని నిట్టూర్చుట మన పెద్దల యలవాటు. స్త్రీలకు గర్భాశయముఖమున వచ్చు రాచపుండునకు కారణము పులిపిర్ల జాతికి చెందిన యొక వైరస్ అని నేడు నిశ్చయముగా తెలిసినది. ఈ నిశ్చయమునకు రమారమి నూటనలువది యేండ్లు పట్టెను.

కథ ఇటలీ దేశమున వెరోనా పట్టణమున మొదలగును. రిగోనీ-స్టెర్న్ అను వైద్యుడు 1760 మొదలు 1839 వఱకు గల ఆ యూరి మరణపట్టికలను ముందు పెట్టుకొని, ఏ స్త్రీ యే రోగమున పోయినదో లెక్కించెను. నేను హాజరుపట్టీలతో జీవితము గడపినవాడను గనుక ఆయన యోపికకు నమస్కరింతును. మఠములలోని సన్న్యాసినులకు గర్భాశయపు రాచపుండు మిక్కిలి యరుదు, వివాహితలకు అధికము. స్తనమున వచ్చునది మాత్రము సన్న్యాసినులకే హెచ్చు. 1842లో ఆయన దీనిని ప్రకటించెను. దాంపత్యమువలన ఏదియో సంక్రమించుచున్నదని ఊహింప వీలయ్యెను గాని, అదేదో తెలియరాలేదు. లెక్క సత్యమే. దానినుండి ఆడుదాని శీలముపై నింద వేయుట మాత్రము అసత్యము. భర్తను తప్ప అన్యు నెఱుగని యిల్లాలికిని ఇది రావచ్చును. పురుషుడు తనకే బాధయు లేకయే దీనిని మోయుచుండవచ్చును.

1933లో అమెరికాలో రిచర్డ్ షోప్ అడవికుందేళ్ళ పులిపిర్లను నూఱి, బాక్టీరియాలు దాటలేని వడపోతగుండ తీసిన ద్రవముతో వేఱు కుందేళ్ళకు పులిపిర్లు పుట్టించెను. వానిలో కొన్ని రాచపుండ్లగుటను పేటన్ రౌస్ చూపెను. అయినను మనుష్యుల విషయమున చాలమంది పండితుల అనుమానము హెర్పిస్ అను వేఱొక వైరస్‌మీద నుండెను. జర్మనీవాడగు హరాల్డ్ సుర్ హౌజెన్ పులిపిరి జాతినే వెదకెను. ఆయన బృందము 1983లో 16వ రకమును, మఱుసటి యేట 18వ రకమును పుండ్లలో పట్టెను. ఈ రోగమున పదింట ఏడుపాళ్ళు ఈ రెండింటి పనియే. 2008లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. చేతులమీది పులిపిర్ల రకములు వేఱు. వానిని చూచి భయపడ నక్కఱలేదు.

ఈ వైరస్ కంటికానని గీఱుగుండ దిగి పొర యడుగు కణములలో చేరును. పెక్కురి శరీరము ఒకటి రెండేండ్లలో దానిని తుడిచివేయును. కొందఱిలో నిలిచిపోవును. ప్రతి కణమునకును ఇద్దఱు కావలివాండ్రు కలరు. ఒకడు వేళగానివేళ కణము రెండుగా చీలకుండ ఆపును. రెండవవాడు చెడిన కణమును బాగుచేయించును, బాగుపడనిచో చంపించును. వైరస్ పుట్టించు మాంసకృత్తులలో ఇ7 అనునది మొదటివానిని బంధించును, ఇ6 అనునది రెండవవానిని నాశనము చేయించును. తూము కావలి లేని చెఱువునీటివలె కణములు అదుపు తప్పును, లోపములు పోగుపడును. పుండగుటకు సామాన్యముగా 15, 20 ఏండ్లు పట్టును. కారణము అంతకాలము దాగియుండుట కిదియు నొక హేతువు.

ఆ యెడమే వైద్యునకు చేతికి దొరకిన గడువు. మారిన కణములను గీకి సూక్ష్మదర్శినితో చూచు పద్ధతిని పాపనికొలావు 1943లో గ్రంథరూపమున వివరించెను. 2006 నుండి టీకా కలదు. అది సోకిన వైరస్‌ను వెడలగొట్టదు, సోకకుండ కాచును. కనుక 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు ముందుగా వేయుదురు. వారి తల్లులకు కావలసినది పరీక్ష.