కమికాజె: దేవుడి గాలి

‘కమికాజె డ్రోన్’ అని వార్తల్లో వింటుంటాం. లక్ష్యాన్ని ఢీకొని తానూ పేలిపోయే డ్రోన్ అది. జపాన్ భాషలో ‘కమి’ అంటే దేవుడు, ‘కజె’ అంటే గాలి. మంగోల్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ నౌకాదళం 1274లో ఒకసారి, 1281లో మరోసారి జపాన్ మీదికి వచ్చింది. రెండోసారి హకాటా తీరంలో రాతిగోడ, సమురాయిల పోరు శత్రువును నిలువరించాయి. ఆగస్టులో విరుచుకుపడ్డ తుపాను మిగతా పని పూర్తిచేసింది. తకషిమ దీవి దగ్గర సముద్రం అడుగున ఆ ఓడల శకలాలు బయటపడ్డాయి. ఆ గాలిని జనం దైవసాయంగా భావించి ‘కమికాజె’ అన్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో జపాన్ తన ఆత్మాహుతి విమానదళానికి అదే పేరు పెట్టింది. అవే అక్షరాలను సైన్యం మాత్రం ‘షింపూ’ అని చదివేది. ఒకనాడు దేశాన్ని కాచిన గాలి పేరు, చివరికి చావుకు మారుపేరైంది.