500 దుంగలు నదిలో వదిలాడు, చూడాల్సినవాళ్లు లేరు! కిన్‌తుప్ కథ

ఈ ఎపిసోడ్‌లో చదవడం, రాయడం రాని ఒక దర్జీ గురించి చెప్పుకుందాం. హిమాలయాల్లో పెద్ద చిక్కుముడి విప్పడంలో అతనిది చాలా పెద్ద పాత్ర.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి టిబెట్ వైపు జరపండి. లాసాకి దక్షిణంగా, పడమర నుంచి తూర్పుకి ఒక నది కనిపిస్తుంది. అదే సాంగ్‌పో. 7,782 మీటర్ల నామ్చా బర్వా శిఖరం చుట్టూ గిర్రున తిరిగి, ప్రపంచంలోనే అత్యంత లోతైన లోయల్లో ఒకదాని గుండా కిందికి దూకుతుంది. అరుణాచల్‌లో దాని పేరు సియాంగ్, అస్సాంలో బ్రహ్మపుత్ర.

మనం రెండు వేళ్లతో జూమ్ చేస్తే తెలిసిపోయే విషయం ఇది. 1880లో మాత్రం మ్యాపులు గీసేవాళ్లకి ఖాయంగా తెలీదు. సాంగ్‌పో బర్మాలోని ఐరావతిలో కలుస్తుందని వాదించినవాళ్లూ ఉన్నారు.

వెళ్లి చూడొచ్చు కదా అంటారా? యూరోపియన్లకి టిబెట్‌లోకి ప్రవేశం లేదు. అందుకే 1860ల్లో సర్వే అధికారి మాంట్‌గోమరీ కొండప్రాంతాల మనుషులకి రహస్యంగా ట్రైనింగ్ ఇప్పించాడు. వాళ్లలో ఒకడు కుమావూ కొండల నైన్ సింగ్. జపమాలలో 108 పూసలకి బదులు 100 పెట్టుకున్నాడు. వంద అడుగులకో పూస, రెండు వేల అడుగులకి ఒక మైలు. ప్రార్థన చక్రంలో మంత్రాల బదులు కొలతల చీటీలు! నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చాలా లాగ్ ఫైల్స్ చూశాను గానీ, నడిచే లాగ్ ఫైల్ అంటే ఈయనే. 1866 జనవరిలో లాసా చేరాడు. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకి గోల్డ్ మెడల్ ఇచ్చింది.

ఇప్పుడు మన దర్జీ దగ్గరికి వద్దాం. పేరు కిన్‌తుప్, సిక్కిం మనిషి. 1880లో హార్మన్ అనే సర్వే అధికారి ఒక చైనా లామాని, సహాయకుడిగా కిన్‌తుప్‌ని పంపాడు. ప్లాన్ సింపుల్. సాంగ్‌పోలో గుర్తులు పెట్టిన 500 దుంగలు, రోజుకి 50 చొప్పున వదలాలి. కింద అస్సాం వైపు మనుషులు కాపలా కాస్తారు. దుంగలు తేలివస్తే రెండూ ఒకే నది అన్నమాట.

ఈ లామా ఎలాంటివాడంటే, దారిలో ఆశ్రయం ఇచ్చిన ఇంటాయన భార్యతోనే వ్యవహారం నడిపి, నాలుగు నెలలు అక్కడే ఉండిపోయాడు. ఆ గొడవ తీరడానికి కిన్‌తుప్ తన చేతిలోంచి 25 రూపాయలు కట్టాడు. ఆ తర్వాత లామా ఏం చేశాడో తెలుసా? ఒక స్థానిక అధికారికి కిన్‌తుప్‌ని బానిసగా అమ్మేసి వెళ్లిపోయాడు!

నెలల తర్వాత కిన్‌తుప్ తప్పించుకున్నాడు. వెతుకుతూ మనుషులు వెంటపడ్డారు. ఒక బౌద్ధ మఠం పెద్దని శరణు కోరితే, ఆయన 50 రూపాయలిచ్చి కొనుక్కున్నాడు. అంటే మళ్లీ సేవకుడే, యజమాని మారాడంతే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. మీరైతే ఏం చేస్తారు? ఇంటికి పారిపోతారు కదా. కిన్‌తుప్ తీర్థయాత్రకని సెలవు అడిగి, నది దగ్గరికెళ్లి 500 దుంగలు తయారుచేసి, గుహలో దాచి, మళ్లీ మఠానికి వచ్చాడు. ఇంకోసారి సెలవు తీసుకుని లాసా వెళ్లాడు. ఫలానా రోజుల్లో దుంగలు వదులుతానని తెలిసినవాడి చేత ఉత్తరం రాయించి డార్జిలింగ్‌కి పంపాడు. తిరిగొచ్చి మరికొన్ని నెలలు పనిచేశాక, మఠం పెద్ద అతని భక్తికి మెచ్చి వదిలేశాడు. అప్పుడు పది రోజులు, రోజుకి 50 చొప్పున దుంగలు వదిలాడు. చెప్పిన పని చెప్పినట్టే!

కానీ ఉత్తరం టైంకి చేరలేదు. హార్మన్ అప్పటికే జబ్బుపడి ఇండియా వదిలి వెళ్లిపోయాడు. దుంగలు ఎవరి కంటా పడకుండా కొట్టుకుపోయాయి. డేటా అంతా పంపాడు, అటువైపు సర్వరే లేదు.

నాలుగేళ్ల తర్వాత, 1884లో ఇల్లు చేరాడు. చూసిన ఊళ్లు, దారులు, నదిలోని జలపాతం అన్నీ గుర్తుపెట్టుకుని చెప్పాడు. అతనికి రాయడం రాదు కాబట్టి వేరేవాళ్లు రాసుకున్నారు. అందులో పొరపాట్లు దొర్లి, పక్క వాగు మీదున్న 150 అడుగుల జలపాతం కాస్తా అసలు నది మీదకి ఎక్కింది. చదువు లేనివాడి మాట అని చాలామంది పెద్దగా నమ్మలేదు.

1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు ఆ లోయకి నడిచి వెళ్లారు. కిన్‌తుప్ చెప్పిన ఊళ్లు, దారులు చాలావరకు సరిపోయాయి. నది మీద జలపాతం కూడా ఉంది, ఎత్తు 30 అడుగులే. డార్జిలింగ్‌లో బట్టలు కుట్టుకుంటున్న ముసలి కిన్‌తుప్‌ని వెతికించి, అతనికి పెన్షన్ ఇవ్వమని బెయిలీ ప్రభుత్వాన్ని అడిగాడు. ప్రభుత్వం మాత్రం వెయ్యి రూపాయలిచ్చి చేతులు దులుపుకుంది. ఆ తర్వాత ఎక్కువకాలం అతను బతకలేదు.

నైన్ సింగ్ అంకెలు రాసి తెచ్చాడు కాబట్టి మెడల్ వచ్చింది. కిన్‌తుప్ కళ్లతో చూసింది నోటితో చెప్పాడు కాబట్టి ముప్పై ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. మీరు ఈసారి ఏ ట్రెక్ వీడియో చూసినా, కెమెరా ముందున్న మనిషితో పాటు, దారి చూపించిన మనిషి పేరు కూడా వెతకండి. దొరికితే కామెంట్‌లో పెట్టండి. ఉంటాను మరి!