కాల్‌ప్రొటెక్టిన్: జత కుదిరితేనే పని

పేగుల్లో వాపు ఉందా లేదా తేల్చుకోవడానికి వైద్యులు మల పరీక్షలో కొలిపించే కాల్‌ప్రొటెక్టిన్ నిజానికి ఒక ప్రోటీన్ కాదు, రెండింటి జంట. ఎస్100ఏ8, ఎస్100ఏ9 అనే చిన్న ప్రోటీన్లు కలిస్తే అది తయారవుతుంది. ఇలాంటి జంటను డైమర్ అంటారు.

కాల్షియాన్ని పట్టుకునే ఎస్100 కుటుంబంలో ఇరవైకి పైగా ప్రోటీన్లున్నాయి. 1965లో బి.డబ్ల్యూ. మూర్ మొదటిదాన్ని ఆవు మెదడు నుంచి వేరుచేశారు. నూరు శాతం సంతృప్త అమ్మోనియం సల్ఫేట్‌లోనూ అది కరిగే ఉండటంతో ఆ పేరు వచ్చింది. పేరుకీ పనికీ సంబంధమేమీ లేదు.

రెండింటినీ కలిపే జిగురు కాల్షియమే అనుకోవడం సహజం. కానీ ఈ ప్రోటీన్లలో చాలావరకు కాల్షియం లేకున్నా జంటగానే ఉంటాయి. ఒక్కో ప్రోటీన్‌లో మెలి తిరిగిన ముక్కలు, అంటే హెలిక్స్‌లు, నాలుగుంటాయి. రెండు ప్రోటీన్ల మొదటి, చివరి హెలిక్స్‌లు ఒక కట్టగా చేరతాయి. నీటికి పడని అమైనో ఆమ్లాలు ఆ కట్ట లోపల దాక్కోవడం వల్లే జంట నిలుస్తుంది. కాల్షియం చేరినప్పుడు మూడో హెలిక్స్ పక్కకు తిరిగి, వేరే ప్రోటీన్లు అతుక్కునే చోటు బయటపడుతుంది. కుటుంబంలో కాల్బిండిన్ డి9కే మాత్రం ఒంటరిగానే ఉంటుంది.

కాల్‌ప్రొటెక్టిన్‌లో అసలు విశేషం రెండూ కలిసే అంచున ఉంది. అక్కడ ఏ8 నుంచి రెండు, ఏ9 నుంచి నాలుగు హిస్టిడిన్లు కలిసి మాంగనీస్‌ను బంధిస్తాయి. విడివిడిగా దేనికీ ఆ గూడు లేదు. పైగా ఆ పట్టు బిగియాలంటే కాల్షియం కావాలి. కణం లోపలికంటే బయట కాల్షియం సుమారు 10,000 రెట్లు ఎక్కువ. అందుకే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణంలో ఉన్నంతసేపూ ఈ జంట పట్టు వదులుగా ఉంటుంది. ఆ కణం పగిలి బయటపడగానే రెండేసి జంటలు కలిసి నాలుగు ప్రోటీన్ల ముద్ద అవుతుంది, చుట్టూ ఉన్న మాంగనీస్, జింకులను లాగేస్తుంది. స్టాఫిలోకాకస్ వంటి బాక్టీరియాకు తిండి కరువవుతుంది.

ఈ ముద్ద ఎంజైములకు తేలిగ్గా లొంగదు కనుక మలంలో చెక్కుచెదరక దొరుకుతుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే పేగు వాపు ఉండే అవకాశం తక్కువ. ఎక్కువుంటే న్యూట్రోఫిల్స్ చేరాయని తెలుస్తుంది, ఎందుకు చేరాయో తెలియదు. క్రోన్స్ వ్యాధిలోనూ పెరుగుతుంది, పేగు క్షయలోనూ పెరుగుతుంది, కొన్ని నొప్పి మాత్రల వల్లా పెరుగుతుంది. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది చిన్న తేడా కాదు: క్రోన్స్‌కిచ్చే రోగనిరోధక శక్తిని అణిచే మందులు క్షయను ముదరబెడతాయి. ఆ రెండింటినీ వేరుచేయడానికి కొలనోస్కోపీ, బయాప్సీ చేయాల్సిందే.